జాంబియాలో ఉద్యోగం: జీతం క్వాచాల ఇస్తమంటున్నరు, ఒప్పుకోవచ్చా?

గోదావరిఖని_శ్రీను
అందరికీ నమస్తే. నాది గోదావరిఖని. పదకొండేండ్ల నుంచి అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయిల, బొగ్గెత్తి పోసే ఎల్‌హెచ్‌డీ, ఎస్‌డీఎల్ మెషిన్ల మెయింటెనెన్స్ చేస్తున్న. ఆఫ్రికాల ఉన్న జాంబియాల కిట్వే అనే ఊరి నుంచి ఆఫరొచ్చింది. అక్కడి రాగి గనికి పనిచేసే కాంట్రాక్టు కంపెనీ. మూడేండ్ల కాంట్రాక్టు. ఇల్లు, విమానం టికెట్ వాళ్లే చూసుకుంటరట. జీతం మాత్రం ఆడి పైసలు క్వాచాల ఇస్తమంటున్నరు. ఇయ్యాల్టి రేటుకు లెక్కేస్తే మంచిగనే కనబడుతుంది.

కానీ ఆ దేశం 2020ల అప్పు కట్టలేక చేతులెత్తేసిందని చదివిన. అంత రాగి ఉన్న దేశం అట్ల ఎందుకైతది? మా ఇంట్ల భయపడుతున్నరు. ఆడ ఉన్నోళ్లు, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

కిట్వే_ప్రసాద్
శ్రీను గారూ, నేను 2012 నుంచి కిట్వేలోనే ఉన్నాను. గనులకు హైడ్రాలిక్ హోసులు, ఫిట్టింగులు సరఫరా చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు: ఉత్త క్వాచా జీతానికి ఒప్పుకోకండి. డాలర్లలో మాట్లాడుకోండి. చెల్లింపు క్వాచాలోనే చేస్తామంటే, జీతం ఇచ్చే రోజు బ్యాంకు రేటు ప్రకారం మార్చి ఇవ్వాలని కాంట్రాక్టులో రాయించుకోండి. ఆ ఒక్క లైను మూడేళ్ల కష్టాన్ని కాపాడుతుంది.

ఎందుకంటే, నేను వచ్చినప్పుడు ఇక్కడ 50,000 క్వాచాల నోటు ఉండేది. 2013 జనవరి 1న మూడు సున్నాలు తీసేసి కొత్త నోట్లు ఇచ్చారు. అప్పుడు డాలరుకు అయిదు క్వాచాల చిల్లర. మా క్యాష్ కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది, రోజూ పొద్దున రేటు రాసేది. 2015లో ఆ పుస్తకంలో ఒకే వారంలో నాలుగు కొట్టివేతలు ఉన్నాయి, మధ్యాహ్నానికి రేటు మారిపోయి మళ్ళీ రాసినవి. 2020 చివరికి 21 అయింది, 2024లో 27 కూడా దాటింది. 2013లో క్వాచాల్లో జీతం కుదుర్చుకుని, పెంపు లేకుండా ఉన్నవాడి చేతికి ఇప్పుడు ఎంత వస్తుందో మీరే భాగించి చూడండి.

2015 అక్టోబరు 18న క్వాచా కోసం, దేశం కోసం జాతీయ ప్రార్థన దినం జరిపారు. మా గోడౌన్ కుర్రాళ్లంతా చర్చికి వెళ్లి ఉపవాసం ఉన్నారు. ఆ రోజు వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

మాస్టారు_బెజవాడ
నాయనా శ్రీనూ, డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, కాబట్టి రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

ఆ దేశపు ఎగుమతుల్లో సుమారు 70 శాతం రాగే. కానీ రాగి ధర చెప్పేది వాళ్ల రాజధాని లుసాకా కాదు, లండన్ మెటల్ ఎక్స్ఛేంజి. 2016 జనవరిలో టన్ను 4,500 డాలర్ల లోపు పడిపోయింది, 2024 మేలో 11,000 కూడా తాకింది. ఇంటిల్లిపాదీ ఒకే పంట మీద బతికి, ఆ పంట ధర ఎక్కడో ఊరవతల నిర్ణయమైతే రైతు ఏమవుతాడో మన మిర్చి రైతును అడిగితే చెబుతాడు. ధర పడితే డాలర్లు రావడం తగ్గుతుంది, క్వాచా పడుతుంది. డీజిలు, ఎరువులు, మందులు, మీరు బాగుచేసే మెషిన్ల స్పేర్లు అన్నీ బయటి నుంచి రావాలి కనుక వాటి ధరలు లేస్తాయి.

ఇక అప్పు. 2005-06లో అప్పులిచ్చిన దేశాలు, సంస్థలు కలిసి ఆ దేశపు పాత బాకీల్లో సింహభాగం రద్దు చేశాయి. ఇల్లు కడిగినట్టు శుభ్రమైంది. అప్పట్లో చైనా గిరాకీతో రాగి ధర పైకి పోతోంది. ఇంక ఎప్పుడూ పైనే ఉంటుందన్న ధీమాతో డాలర్ బాండ్లు, అంటే డాలర్లలో తీర్చాల్సిన అప్పు పత్రాలు, అమ్మారు. 2012లో 75 కోట్ల డాలర్లు, 2014లో 100 కోట్లు, 2015లో 125 కోట్లు. మొదటిసారి వడ్డీ 6 శాతం లోపే, మూడోసారి 9 శాతం దాకా పోయింది. వీటికి తోడు రోడ్లకు, విమానాశ్రయాలకు, కరెంటు ప్రాజెక్టులకు చైనా అప్పులు. 2020లో కోవిడ్ వచ్చింది. నవంబరులో 4.25 కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా ఒకటి కట్టలేకపోయారు. కోవిడ్ వచ్చాక అలా చేతులెత్తేసిన మొదటి ఆఫ్రికా దేశం అదే.

ఆ ముడి విప్పడానికి మూడేళ్లు దాటింది. 2022 ఆగస్టులో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 130 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. 2023 జూన్‌లో చైనాతో సహా అప్పిచ్చిన ప్రభుత్వాలు 630 కోట్ల డాలర్ల బాకీని దీర్ఘకాలానికి మార్చాయి. బాండ్లు కొన్నవాళ్లతో బేరం 2024లో తెగింది. ఆ మూడేళ్లూ కొత్తగా అప్పిచ్చే నాథుడు లేడు, వాయిదా పడిన ఆసుపత్రి ఎప్పుడు కడతారో చెప్పేవాడూ లేడు.

వెంకట్_దుబాయ్
మాస్టారూ, అంకెలు సరే. కానీ అసలు కారణం అవినీతి కాదా? నేను ఆఫ్రికా దేశాలతో సరుకు వ్యాపారం చేస్తాను. అక్కడి జనానికి కష్టపడే అలవాటు కూడా తక్కువ. మనవాళ్లు వెళ్లి నాలుగేళ్లలో షాపు పెట్టి నిలబడతారు, అక్కడే పుట్టినవాళ్లు నిలబడరు. ఇది ఎవరూ పైకి చెప్పరు.

ఉమాదేవి_లుసాకా
వెంకట్ గారూ, ఆ మాట నేను ఒప్పుకోను. లుసాకాలో పంతొమ్మిదేళ్లుగా లెక్కల టీచర్‌గా పనిచేస్తున్నాను.

మా స్కూలు గేటు పక్కన టమాటాలమ్మే ఆవిడ తెల్లవారుజామున మూడున్నరకు లేచి సోవెటో మార్కెట్‌కు వెళ్లి పెట్టె కొంటుంది. నాలుగేసి టమాటాలు చిన్న కుప్పలుగా పేర్చి అమ్ముతుంది. కరెంటు లేని రాత్రుల్లో ఫోను టార్చి కుప్పల మధ్య నిలబెట్టి ఎనిమిదిన్నర దాకా కూర్చుంటుంది. వీపున చితెంగే బట్టలో కట్టుకున్న పసిబిడ్డ. ఆవిడకు బ్యాంకు అప్పు కావాలంటే వడ్డీ ఏడాదికి పాతిక శాతం పైమాటే. మన షాపు పెట్టిన అబ్బాయికి డర్బన్‌లోనో గుజరాత్‌లోనో ఉన్న మామయ్య మూడు నెలల అరువు మీద సరుకు పంపిస్తాడు. ఇద్దరి కష్టంలో తేడా లేదు, చేతికందే పెట్టుబడిలో ఉంది.

అవినీతి ఉంది, దాన్ని నేను దాచను. ఈ దేశస్థులే దాని మీద రోజూ రేడియోలో నిలదీస్తారు. 1991లో ఒకసారి, 2011లో ఒకసారి, 2021లో ఒకసారి ఓటుతో ప్రభుత్వాన్ని మార్చారు. ఓడినవాళ్లు కుర్చీ దిగి వెళ్లారు. తొలి అధ్యక్షుడు కౌండా గారు 27 ఏళ్లు పాలించి ఓడిపోయి కూడా శాంతంగా తప్పుకున్నారు. పొరుగు దేశాలను చూస్తే ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

2022 నుంచి సర్కారు బడుల్లో సెకండరీ దాకా ఫీజు లేదు. నాకు తెలిసిన ఒక సర్కారు బడిలో క్లాసుకు 50 మంది ఉండేవారు, ఇప్పుడు 90 దాటారు. బెంచీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చుని రాసుకుంటారు. ఇన్నాళ్లూ బయట ఉండిపోయింది ఈ పిల్లలే కదా అని వాళ్లను చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

మంచిర్యాల_పద్మ
ఉమా మేడం, మంచిగ చెప్పిన్రు. మా నాన్న సింగరేణిల ముప్పైరెండేండ్లు చేసి రిటైరైండు. మాకు కంపెనీ క్వార్టర్, కంపెనీ దవాఖాన, లాభాల వాటా అన్నీ తెలుసు. సింగరేణి సర్కారుదే కదా, 51 శాతం రాష్ట్రానిది, 49 కేంద్రానిది. జాంబియావోళ్లు వాళ్ల గనులు అట్ల వాళ్ల చేతుల్ల ఎందుకు పెట్టుకోలే?

మాస్టారు_బెజవాడ
పద్మమ్మా, పెట్టుకున్నారు తల్లీ. అదే అసలు కథ.

1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యం వచ్చింది. 1969లో కౌండా గారు గనుల్లో 51 శాతం వాటా ప్రభుత్వానికి తీసుకున్నారు, మీ సింగరేణి అంకే. అప్పుడు ఏడాదికి 7 లక్షల టన్నుల పైన రాగి తీసేవారు. తర్వాత 1982లో అన్నీ కలిపి జెడ్‌సీసీఎం అనే ఒకే కంపెనీ చేశారు. ఇళ్లు, ఆసుపత్రులు, బడులు, క్లబ్బులు, మొక్కజొన్న పిండికి రాయితీ, వీధులు ఊడ్వడం కూడా ఆ కంపెనీదే.

దెబ్బ 1975లో పడింది. అంతకు ముందు ఏడాది ఎత్తున ఉన్న రాగి ధర కుప్పకూలింది, ఇరవై ఏళ్లకు పైగా సరిగా లేవలేదు. చమురు ఖరీదైంది. పైగా ఆ దేశానికి సముద్రం లేదు. 1973లో రొడీషియాతో (ఇప్పటి జింబాబ్వే) సరిహద్దు మూతపడింది. దక్షిణాన తెల్లవారి పాలన మీద పోరాడేవారికి జాంబియా ఆశ్రయమిచ్చింది, దానికి మూల్యం చెల్లించింది. అప్పుడే చైనా టాంజానియా రేవు దార్ ఎస్ సలామ్ నుంచి జాంబియాలోని కపిరి ఎంపోషి దాకా 1,860 కిలోమీటర్ల రైలు మార్గం వేసి ఇచ్చింది. ఇటు గని తెచ్చిన డబ్బంతా జీతాలకూ రాయితీలకూ పోయింది, కొత్త షాఫ్టులకూ మెషిన్లకూ మిగల్లేదు. 2000 నాటికి ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నులకు పడిపోయింది.

సింగరేణి కూడా 1990లలో నష్టాల కంపెనీల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ దాకా పోయిందని మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. కానీ దాని బొగ్గు పక్కనే ఉన్న మన కరెంటు ప్లాంట్లే కొంటాయి, డబ్బు రూపాయల్లో వస్తుంది. వెనక పెద్ద దేశం ఉంది. జెడ్‌సీసీఎంకు ఆ ఆసరా లేదు. అప్పులిచ్చినవాళ్లు అమ్మితేనే సాయం అన్నారు. రాగి ధర అట్టడుగున ఉన్న రోజుల్లో, 1997-2000 మధ్య, ముక్కలు చేసి అమ్మేశారు. ఒప్పందాల్లో రాయల్టీ 0.6 శాతం! వంద రూపాయల రాగి తవ్వితే ప్రభుత్వానికి అరవై పైసలు. ఆ పన్నులు పదిహేను ఇరవై ఏళ్లు మార్చకూడదని షరతు. అమ్మిన కొద్ది ఏళ్లకే, 2004 నుంచి, ధర రెక్కలు కట్టుకుని లేచింది. పొలం అమ్మిన మర్నాడు పక్కన రింగ్ రోడ్డు వస్తే ఆ రైతుకు నిద్ర పడుతుందా?

వెంకట్_దుబాయ్
ఉమాదేవి గారూ, నేను అన్న మాట తప్పే. తొందరపడ్డాను, మన్నించండి. టమాటాల ఆవిడ గురించి చదివాక మా అమ్మ గుర్తొచ్చింది, ఆవిడా అలాగే తెనాలి మార్కెట్లో ఆకుకూరలమ్మింది.

కానీ వ్యాపారిగా ఒక మాట చెప్పాలి. కంపెనీల వైపు కూడా చూడాలి కదా. ప్రభుత్వం వాళ్లు 2008లో ఆ ఒప్పందాలు రద్దు చేసి అదనపు లాభాల పన్ను వేశారు, 2009లో తీసేశారు. 2015 జనవరిలో ఓపెన్‌కాస్ట్ గనుల మీద రాయల్టీ ఏకంగా 20 శాతం చేశారు, జులైకి 9కి దించారు. గని అంటే పాతికేళ్ల పెట్టుబడి. ఏటా లెక్క మారితే డబ్బు పెట్టేవాడు జంకుతాడు. సొల్వేజీ వైపు కాన్సాన్షి, కలుంబిలా గనులు కెనడా కంపెనీ డబ్బుతోనే పెద్దవయ్యాయి. ప్రభుత్వమే నడిపి ఉంటే అవి వచ్చేవా?

మాస్టారు_బెజవాడ
అది న్యాయమైన మాటే వెంకట్. తక్కువ పన్నుకు అమ్మిన తప్పును దిద్దుకోబోయి, ఊగిసలాటతో ఇంకో తప్పు చేశారు. చింగోలాలోని కొంకోలా గని కథ చూడు. 2000లో ఆంగ్లో అమెరికన్ కంపెనీ తీసుకుని 2002లో వదిలేసి పోయింది. 2004లో మన వేదాంత కంపెనీ 51 శాతం కొన్నది. 2019లో ప్రభుత్వం దాన్ని లిక్విడేటర్ (దివాలా కంపెనీ ఆస్తులు తేల్చే అధికారి) చేతికిచ్చింది. అయిదేళ్లు కోర్టులు తిరిగి 2024లో మళ్లీ వేదాంతకే చేరింది. ఆ అయిదేళ్లలో లోతు తవ్వకానికి పెట్టాల్సిన డబ్బు ఎవరూ పెట్టలేదు.

ఇంకో దారి చూడు: బోట్స్వానాలో వజ్రాల కంపెనీ ప్రభుత్వానికీ డిబీర్స్ కంపెనీకీ సగం సగం. చెరో సగం కనుక ఇద్దరూ లెక్క ఒకే పుస్తకంలో చూస్తారు. మిగిలింది 1994 నుంచి పూలా ఫండ్ అని దాచారు. వాళ్లకూ ఈమధ్య ఫ్యాక్టరీ వజ్రాలతో కష్టం వచ్చింది, అది వేరే చర్చ.

కిట్వే_ప్రసాద్
రెండు రోజులుగా చదువుతున్నాను, ఇవాళ ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

కంపెనీలు ఉద్యోగాలిచ్చాయి, మా జీతాలూ వాటి వల్లే. అయితే రాగి ఇక్కడి నుంచి ఎలా పోతుందో చూడాలి. ఎన్డోలా రోడ్డు మీద రోజూ కనిపిస్తాయి, ట్రక్కు చట్రం మీద అడుగెత్తు కట్టలు. మీటరు చదరం పలకలు, నిగనిగలాడే లేత గులాబీ రంగు, ఇనుప పట్టీలతో బిగించి. మన ఇంట్లో చింతపండుతో తోమి కడిగిన రాగి బిందె రంగు సరిగ్గా అదే. ఒక్కో ట్రక్కులో ముప్పై టన్నుల పైన ఉంటుంది. వెనక దొంగల భయానికి కాపలా జీపు. అలా దార్ ఎస్ సలామ్‌కో, డర్బన్‌కో, వాల్విస్ బేకో, ఏదో ఒక రేవుకు పోతుంది. కాంగో రాగి కూడా కసుంబలేసా సరిహద్దు దాటి ఈ రోడ్ల మీదే వస్తుంది. అక్కడ ట్రక్కుల వరుస కిలోమీటర్ల పొడవున రోజుల తరబడి నిలబడుతుంది.

మా అమ్మాయి పుట్టినప్పుడు రాగి చెంబు కావాలని మా అత్తగారు అడిగితే కిట్వే దుకాణాలన్నీ తిరిగాను. టూరిస్టులు కొనే గోడ గడియారాలు, పళ్లేలు ఉన్నాయి గానీ నీళ్లు తాగే చెంబు లేదు. చివరికి హైదరాబాద్ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నాం. లువాన్ష్యాలో 1968 నుంచి రాగి తీగలు చేసే ఫ్యాక్టరీ ఉంది, మంచి సరుకే. కానీ తవ్వే రాగిలో తీగగా మారేది కొంచెమే. పచ్చలదీ అదే దారి. లుఫ్వాన్యమా వైపు తవ్విన పచ్చలు సానపట్టేది జైపూర్‌లో.

ఇంకొకటి. కిట్వేలో బ్లాక్ మౌంటెన్ అని ఒక నల్ల గుట్ట ఉంది. దశాబ్దాల కొద్దీ స్మెల్టర్, అంటే రాగి కరిగించే కొలిమి, నుంచి పారబోసిన చిట్టెం అది. దాన్లో మిగిలిన రాగి కోసం కుర్రాళ్లు బొరియలు తవ్వుతారు, వాళ్లను జెరాబోలు అంటారు. 2018 జూన్‌లో గుట్ట కూలి పదిమంది పోయారు. మా గోడౌన్ కుర్రాడి తమ్ముడు ఆ ముందు రోజు దాకా అక్కడే పనిచేశాడు. వాడి తాత జెడ్‌సీసీఎం షాఫ్టులో పర్మినెంట్ ఉద్యోగి, కంపెనీ ఇల్లు, పెన్షను. తండ్రి కాంట్రాక్టు లేబరు. వీడు చిట్టెం గుట్ట మీద. మూడు తరాలు, ఒకటే రాగి.

మంచిర్యాల_పద్మ
ప్రసాద్ అన్నా, ఇది చదివి మనసు పట్టలే. మా దగ్గర కూడ తాత పర్మినెంటు, మనుమడు కాంట్రాక్టు. ఇల్లిల్లూ ఇదే.

ఒకటి అడుగుత. మన దగ్గర 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది కదా, పాత లీజులైతే రాయల్టీ మీద 30 శాతం అదనంగ ఆ జిల్లాకే రావాలె. అది సరిగ ఖర్చు పెడుతున్నరా లేదా అన్నది వేరే సంగతి. ఆడ అసొంటిది ఉందా?

ఉమాదేవి_లుసాకా
గనుల జిల్లాకే ప్రత్యేకంగా అంత గట్టిది లేదు పద్మా. దేశమంతా నియోజకవర్గ నిధి ఒకటుంది, దాన్ని 2022లో ఒక్కో నియోజకవర్గానికి 16 లక్షల క్వాచాల నుంచి 2.57 కోట్లకు పెంచారు. బెంచీలు, హాస్టల్ ఫీజులు, ఆడవాళ్ల సంఘాలకు చిన్న అప్పులు దాన్నుంచే. మా వీధి చివర క్లినిక్‌కు ప్రసూతి గది దానితోనే వచ్చింది. సొల్వేజీ వాళ్లు మాత్రం మా గుంతలోంచి తీసి అందరికీ సమానంగా పంచితే మా దుమ్ము ఎవరు పంచుకుంటారని అడుగుతారు. ఆ ప్రశ్న సబబే.

గోదావరిఖని_శ్రీను
అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. ఇంత సంగతి ఉందని నాకు తెల్వదు. కరెంటు, నీళ్ల సంగతి గూడ చెప్పుండ్రి. పిల్లలను తోల్కపోదామనుకుంటున్న.

ఉమాదేవి_లుసాకా
శ్రీనూ, 2024 సంగతి చెబుతాను, చెడ్డ ఏడాది ఎలా ఉంటుందో తెలియాలి. అప్పటికి ఇక్కడి కరెంటులో 80 శాతం పైన నీటి నుంచే, అందులో పెద్దది జింబాబ్వేతో పంచుకునే కరీబా డ్యామ్. ఎల్‌నినోతో వానలు ఎగ్గొట్టాయి. ఫిబ్రవరి 29న జాతీయ విపత్తు ప్రకటించారు. 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షలు ఎండిపోయింది. వీళ్ల అన్నం ఎన్‌షిమా, మన సంకటి లాంటిదే, తెల్ల మొక్కజొన్న పిండితో. అది లేకపోతే ఎన్ని తిన్నా తిన్నట్టుండదు వీళ్లకు. ఆ పిండి 25 కిలోల బస్తా కోసం తెల్లవారకముందే వరుసలు. మాకు రోజుకు మూడు గంటలే కరెంటు వచ్చిన వారాలున్నాయి, అదీ రాత్రి ఒంటిగంటకు. లేచి మంచినీళ్లు పట్టి, పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసేదాన్ని. వెల్డింగు షాపులు, క్షవరం షాపులు, కోళ్ల ఫారాలు మూతపడ్డాయి. గనులు బయటి దేశాల కరెంటు డాలర్లిచ్చి కొనుక్కుని నడిచాయి. ఆ ఏడాది రాగి 8 లక్షల టన్నులు దాటింది. రెండూ ఒకే ఏడాది, ఒకే దేశంలో.

ఇన్వర్టరు, సోలార్ ప్యానెల్ కంపెనీ ఇంట్లో ఉన్నాయో లేదో ముందే అడుగు.

కిట్వే_ప్రసాద్
నీళ్ల సంగతి నేను చెబుతాను. 2025 ఫిబ్రవరి 18న చంబిషి దగ్గర ఒక గని వ్యర్థాల కట్ట తెగి ఆమ్లపు నీళ్లు కాఫ్వే నదిలో కలిశాయి. కిట్వే కుళాయిలు బంద్. నది ఒడ్డున కూరగాయలు పండించేవాళ్ల మళ్లు తెల్లారేసరికి మాడిపోయాయి, చేపలు వెల్లకిలా తేలాయి. ప్రభుత్వం విమానాలతో సున్నం చల్లించింది. మేము పదిరోజులు బాటిల్ నీళ్లతోనే వంట. ఇప్పటికీ మా ఇంట్లో వంటకు బోరు నీళ్లు వాడం, ఫిల్టరు పెట్టుకున్నాం. మీరూ పిల్లలకు అదే చేయండి.

డబ్బు విషయం ఇంకొక్కటి. జీతం పన్ను పై శ్లాబులో 37 శాతం, పెన్షన్ స్కీముకు మీ వైపు నుంచి 5 శాతం కోత. ఆఫర్‌లో ఉన్నది కోతలకు ముందా, తర్వాతా అని అడగండి. కాంట్రాక్టు కంపెనీలకు గనుల నుంచి బిల్లులు ఆలస్యం కావడం మామూలే. మాకు ఒకసారి ఎనిమిది నెలలు రాలేదు, ఆ ఎనిమిది నెలలూ మా వాళ్లకు సగం జీతాలే ఇచ్చాను. అందుకని మొదటి మూడు నెలలకు సరిపడా డబ్బు మీ దగ్గర ఉంచుకుని రండి.

గోదావరిఖని_శ్రీను
అన్నా, మాట్లాడిన. మొదలు కాదన్నరు. ఎల్‌హెచ్‌డీ ట్రాన్స్‌మిషన్ విప్పి బిగించే మనిషి వాళ్లకు అక్కర ఉన్నట్టుంది, మూడో ఫోనుకు ఒప్పుకున్నరు. జీతం డాలర్లల్ల రాసి, ఇచ్చేరోజు బ్యాంకు రేటు మీద క్వాచాల ఇస్తరు. కోతలు పోను ఎంతనో అంకె గూడ రాయించిన. ఇన్వర్టరుంది, సోలార్ లేదట. ముందు నేనొక్కన్నే వస్త, ఇల్లు, బడి చూసినంక పిల్లలను తోల్కొస్త.

ఇంకో మాట. నా కింద నలుగురు ఆడి పోరగాండ్లు హెల్పర్లుగ ఉంటరని చెప్పిన్రు. వాళ్లతోని మాట్లాడటానికి నాలుగు ముక్కలు నేర్పుండ్రి.

ఉమాదేవి_లుసాకా
కిట్వేలో బెంబా మాట్లాడతారు శ్రీనూ. పొద్దున కలవగానే "ములి షాని" అను, ఎలా ఉన్నారని. పని చెప్పే ముందు అది అనాలి, అనకపోతే మర్యాద తెలియనివాడనుకుంటారు. సాయం చేస్తే "నతోతెలా" అను. మిగతావి ఆ పిల్లలే నేర్పుతారు. నువ్వు వాళ్లకు ట్రాన్స్‌మిషన్ విప్పడం పూర్తిగా నేర్పు.

కిట్వే_ప్రసాద్
ఎన్డోలాలో దిగండి. అక్కణ్ణుంచి కిట్వే గంట ప్రయాణం, నేను వస్తాను తీసుకెళ్లడానికి. తేదీ ఖాయం కాగానే మెసేజ్ పెట్టండి. సూట్‌కేసులో చోటుంటే మా రెండోవాడికి ఒక రాగి చెంబు తెండి.